ఎండ మనది – కరెంటు ఎవరిది?

– తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి

రథసప్తమి నాడు తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసే జాతి మనది. పొద్దున్నే తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టనిదే మడక ముట్టని రైతులు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. అటువంటి సూర్యభగవానుడు ఇప్పుడు కరెంటు ఆఫీసు లెక్కల పుస్తకంలోకి ఎక్కాడు! ఆయన కిరణాలకు కిలోవాట్లు వచ్చాయి, యూనిట్లు వచ్చాయి, సబ్సిడీలు వచ్చాయి, టెండర్లు వచ్చాయి. ఊరూరా శంకుస్థాపనలు జరుగుతున్నాయి. పత్రికల్లో నిండు పేజీ ప్రకటనలు వస్తున్నాయి. సంతోషించవలసిన విషయమే, కాదనను. కానీ ఒక రైతుబిడ్డగా నాకో ప్రశ్న ఉంది. ఎండ ఊరిది. సరే, ఆ ఎండలోంచి పుట్టే కరెంటు ఎవరిది?

సౌరవిద్యుత్తు ఊరికి రావడం వేరు, అది ఊరిది కావడం వేరు. మొదటిది జరిగితే ఫోటోలు దిగవచ్చు. రెండోది జరిగితేనే పల్లె బాగుపడుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. పంచాయతీ, రైతుల సహకార సంఘం, కరెంటు సంస్థ – ఈ మూడూ ఒక ఒప్పందం మీద నిలబడి, లెక్కలు ఊరి ముందు పెట్టి నడిపితే తప్ప, ఈ ఫలకాలు కూడా మన ఊళ్ళలో తుప్పు పట్టిన పాత చేతిపంపుల సరసన చేరతాయి.

వెలుతురు నుంచి విద్యుత్తు

ఆర్ట్స్, కామర్స్ మిత్రుల కోసం ముందుగా నాలుగు మాటలు. 1839లో ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకెరెల్ అనే కుర్రవాడు తండ్రి ప్రయోగశాలలో పని చేస్తూ, వెలుతురు పడినప్పుడు కరెంటు పుట్టడం గమనించాడు. అప్పటికి అతని వయస్సు 19 ఏళ్ళు. అంటే మన సెకండియర్ వాళ్ళ ఈడు! ఆ విడ్డూరం సామాన్యుని ఇంటికి పనికొచ్చే వస్తువు కావడానికి నూరేళ్ళు దాటింది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల వాళ్ళు తయారుచేసిన సిలికాన్ సెల్, తనమీద పడ్డ ఎండలో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే కరెంటుగా మార్చేది. ఇప్పుడు బజారులో దొరికే ఫలకాలు ఇరవై పాళ్ళు దాటాయి.

మన ఎండకు ఒక కిలోవాట్ ఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. నెలకు 120 యూనిట్లు. దానికి సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. ఫలకం పాతికేళ్ళు మన్నుతుంది. దాని పక్కనుండే ఇన్వర్టరును పదేళ్ళకు అటూ ఇటూగా మార్చుకోవాలి. బ్యాటరీ అయితే ఇంకా ముందే పోతుంది. ఎండ మండిపోతే కరెంటు ఎక్కువ వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫలకం వేడెక్కే కొద్దీ డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా దిగుబడి పడిపోతుంది. దుమ్ము పేరుకుంటే ఇంకా పడిపోతుంది. కాబట్టి ఇది పెట్టేసి మరచిపోయే వస్తువు కాదు. బోరు మోటరు మాదిరే దీనికీ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

యూనిట్‌కు తొమ్మిది పైసలు

మాది అనంతపురం వైపు చెనక్కాయ పండించే పల్లె. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. వానకు కరువు గానీ ఎండకు మాకెన్నడూ కరువు లేదు. అందుకే పెద్ద పెద్ద సోలార్ కేంద్రాలన్నీ మా చుట్టుపక్కలకే వచ్చాయి. 2016లో నంబులపూలకుంట దగ్గర ఎన్.టి.పి.సి. వారి 250 మెగావాట్ల కేంద్రం మొదలైంది. 2017లో కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల పార్కు వచ్చింది. సరిహద్దు దాటితే పావగడ. కర్ణాటకలో ఉన్నా సంతలో తెలుగు ధారాళంగా వినపడే ఊరు. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు 2019 చివరికి పూర్తయింది.

పావగడలో ఒక మంచి పని చేశారు. రైతుల భూమి కొనలేదు. ఎకరాకు ఏటికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి పెంచేటట్టు తీసుకున్నారు. వరుస కరువులతో బెంగుళూరుకు కూలికి పోయే రైతుకు అది చిన్న మొత్తం కాదు. కానీ లెక్క చూద్దాం. అక్కడ ఒక మెగావాట్‌కు ఆరెకరాల పైచిలుకు భూమి పట్టింది. దానికి మొదటి కౌలు ఏటికి సుమారు 1 లక్ష 33 వేలు. ఒక మెగావాట్ రోజుకు నాలుగు వేల యూనిట్ల చొప్పున ఏటికి 14 లక్షల 60 వేల యూనిట్లు ఇస్తుంది. భాగించి చూడండి. భూమి ఇచ్చిన రైతుకు దక్కింది యూనిట్‌కు తొమ్మిది పైసలు!

పెట్టుబడి కంపెనీది, అప్పూ వడ్డీ కంపెనీవి, యంత్రాలు కంపెనీవి. నిజమే. అందుకే లాభం కూడా కంపెనీదే అయింది. ఇందులో దొంగతనమేమీ లేదు, లెక్క అంతే. పోతే ఆ తొమ్మిది పైసలైనా పట్టా ఉన్నవాడికే. ఆ చేలల్లో కలుపు తీసి బతికిన కూలీకి, ఆ బీళ్ళలో గొర్రెలు మేపుకున్నవాడికి కౌలు కాగితంలో పేరు లేదు. భూమి ఎండకిచ్చారు, వాళ్ళ పని ఎండిపోయింది.

మిద్దె మీది లెక్క

'పార్కుల సంగతి వదిలెయ్, ఇప్పుడు ప్రతి ఇంటి మీదా ఫలకాలు పెడుతున్నారు కదా' అంటారు కొందరు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకం ప్రారంభించింది. కోటి ఇళ్ళు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల కేటాయింపు. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు అంతకు పైబడితే 78 వేలు సబ్సిడీ. ఇంటి అవసరానికి పోగా మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది. రాత్రి లైనులోంచి తీసుకున్నది అందులోంచి తీసివేసి, తేడాకు బిల్లు వేస్తారు. దీనికే నెట్ మీటరింగ్ అని పేరు. మంచి ఏర్పాటు.

కానీ ఇది ఎవరికి ఎంత మంచిది? మన రాష్ట్రంలో 2022లో సవరించిన రేట్లు చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 75 దాకా 3 రూపాయలు. అదే 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. నెలకు 50 యూనిట్లు కాల్చే పేద ఇంటికి కరెంటు ఖరీదు 117 రూపాయలు. ఎ.సి.లు ఉన్న మేడకు వేలల్లో ఉంటుంది. ఫలకం పెట్టుకుంటే ఆ మేడవాడికి మూడు నాలుగేళ్ళలోనే పెట్టుబడి తిరిగి రావచ్చు. పేదవాడికి మిగిలేది ఆ 117 రూపాయలు. దానికోసం అతను అప్పు చెయ్యాలా?

అసలు అతనికి మిద్దె ఎక్కడుంది? మా ఊళ్ళో సగం మట్టి మిద్దెలు, రేకుల ఇళ్ళు. మట్టి మిద్దె మీద నలుగురు మనుషులెక్కితేనే దూలం కిర్రుమంటుంది. ఇక ఇనుప చట్రాలు, ఫలకాలు మోస్తుందా? పట్నంలో గది అద్దెకు తీసుకున్నవాడికి కప్పు లేదు, అతని పేర మీటరు లేదు. దళిత, గిరిజన కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెట్టాలని మన రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఈ లోటును కొంత పూడ్చేదే. అయినా కప్పు ఉండాలి కదా!

కరెంటు సంస్థల గోడు కూడా మనం వినాలి. ఎక్కువ రేటు కట్టే ఇళ్ళూ, దుకాణాలే తక్కువ రేటు వాళ్ళ భారాన్ని కొంత మోస్తున్నాయి. వాళ్ళంతా ఫలకాలు పెట్టుకుని బిల్లులోంచి తప్పుకుంటే, ఆ బరువు చివరికి పెట్టుకోలేని వాళ్ళ మీదే పడుతుంది. పైగా వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగినంతే మోస్తుంది. నలుగురు ముందుగా పెట్టుకుంటే ఐదోవాడికి చోటుండకపోవచ్చు. అంటే ఎవరి మిద్దె వారిదే అన్న పద్ధతిలో పోతే, 'ముందొచ్చిన వాడికి ముద్దపప్పు, వెనకొచ్చిన వాడికి చారు నీళ్ళు' అన్నట్టు తయారవుతుంది.

2025లో తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిని పూర్తి సౌరగ్రామంగా తీర్చిదిద్దారు. అది ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారి స్వగ్రామం. అదే ఏడాది జనవరిలో మన రాష్ట్రంలో కుప్పంలో ఇంటింటికీ సౌరవిద్యుత్తు పని మొదలుపెట్టారు. అది ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారి నియోజకవర్గం. నమూనాలు మంచివే, చూసి నేర్చుకోవచ్చు. అయితే ముఖ్యమంత్రులు పుట్టని ఊళ్ళ సంగతేమిటి? మన దేశంలో అవే ఎక్కువ!

రెండు పల్లెల కథ

బీహారులో జెహానాబాద్ జిల్లాలో ధర్నాయ్ అనే ఊరుంది. మూడు దశాబ్దాలు కరెంటు లేక చీకట్లో మగ్గిన ఊరు. 2014లో గ్రీన్‌పీస్ అనే సంస్థ అక్కడ 100 కిలోవాట్ల సౌర కేంద్రం పెట్టింది. వీధి దీపాలు వెలిగాయి, పిల్లలు రాత్రిళ్ళు చదువుకున్నారు, దేశమంతా ఆ ఊరి పేరు మోగింది. తర్వాత ఏమైంది? ప్రభుత్వం వారి లైను వచ్చింది. ఆ కరెంటు చవక. సౌర కేంద్రం కరెంటు ఖరీదు ఎక్కువ. కొన్నేళ్ళు గడిచేసరికి బ్యాటరీలు పోయాయి. వాటిని మార్చే డబ్బు ఎవరూ పెట్టలేదు. ఆ ఆవరణలో చివరికి పశువులను కట్టేసుకున్నారు. తప్పు సూర్యుడిది కాదు, ఫలకాలదీ కాదు. ఊరి కేంద్రానికీ ప్రభుత్వపు లైనుకీ మధ్య ఒప్పందం కుదరలేదు. కుదిరి ఉంటే ఆ కరెంటు లైనులోకి అమ్ముడై, ఆ డబ్బుతోనే కేంద్రం బతికేది.

ఇప్పుడు గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండీ గ్రామానికి పోదాం. అక్కడ 2016లో ఆరుగురంటే ఆరుగురు రైతులు అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ సాయంతో సౌర పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. పగలు ఎండ కరెంటుతో బోర్లు ఆడిస్తారు. అవసరం తీరాక మోటరు ఆపేస్తారు. మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది. అక్కడి కరెంటు సంస్థ పాతికేళ్ళ ఒప్పందం రాసి, యూనిట్ 4 రూపాయల 63 పైసలకు కొంటుంది. దానికి బదులుగా రైతులు సబ్సిడీ కనెక్షన్లు అడగమని రాసిచ్చారు. సంస్థకు సబ్సిడీ భారం తగ్గింది, రైతుకు కరెంటు కూడా ఒక పంట అయింది. వానలు పోయినా పండే పంట!

ఇందులో నీటి సంగతి కూడా ఉంది. ఒట్టి సోలార్ పంపు ఇచ్చి ఊరుకుంటే రైతు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా నీళ్ళు తోడుతూనే ఉంటాడు. ఎండకు బిల్లు రాదు కదా! వెయ్యి అడుగుల లోతుకు బోర్లు వేసే మా సీమలో అది కొంప ముంచే పని. తోడకుండా ఆపిన కరెంటుకు ధర కట్టిస్తే, అదే రైతు తనంతట తానే స్విచ్చి కడతాడు. నీతులు చెప్పి ఆపలేని నీటిని నాలుగు రూపాయలు ఆపగలవు.

పంపు, పొలం, రాత్రి – ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో పట్నం మిత్రులకు తెలియకపోవచ్చు. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో చేనుకు కరెంటు రెండు విడతలుగా వచ్చేది. ఒక విడత నడిరాత్రి. మా నాయన టార్చి, కట్టె పట్టుకుని పోయేవాడు. పాములు, తేళ్ళు ఒక భయం. తడి నేలలో నిలబడి స్టార్టరు ముట్టుకోవడం అంతకంటే పెద్ద భయం. మా పక్క చేను రైతు ఒకాయన అలాగే పోయాడు. తెల్లారి చూసేసరికి చేయి స్టార్టరు డబ్బా మీదే ఉంది. ఆ ఇంట్లో పెద్దపిల్లోడు నా క్లాసుమేటు. ఆ ఏటితో బడి మానేశాడు. పగటిపూట కరెంటు అనేది మాకు సౌకర్యం కాదు మిత్రులారా, ప్రాణం. పగలు పుట్టే కరెంటును పగలే చేనుకు అందించడం కంటే సౌరశక్తికి గొప్ప ఉపయోగం మరొకటి ఉందా?

ఊరు కరెంటు అమ్మగలదా?

'పంచాయతీలకు వీధి దీపాలు వెయ్యడమే చేతకాదు, కరెంటు వ్యాపారం చేస్తాయా?' అని పెదవి విరిచే పెద్దలున్నారు. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీని చూడమనండి. 2006లో ఆ పంచాయతీ బ్యాంకు అప్పు తెచ్చి, సుమారు కోటిన్నర రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. తమ నీటి పంపులకూ, వీధి దీపాలకూ పోగా మిగిలిన కరెంటు రాష్ట్ర విద్యుత్ బోర్డుకు అమ్మింది, అప్పు తీర్చింది. అది గాలి, ఇది ఎండ. పద్ధతి మాత్రం ఒకటే.

మహారాష్ట్రలో 2017లో సౌర వ్యవసాయ ఫీడర్ల పథకం మొదలుపెట్టారు. సబ్‌స్టేషన్ల దగ్గర సౌర కేంద్రాలు పెట్టి, వ్యవసాయ ఫీడర్లకు పగటి కరెంటు ఇవ్వడం దాని ఉద్దేశం. 2023లో దాన్ని విస్తరించినప్పుడు భూమికి హెక్టారుకు ఏటికి 1 లక్ష 25 వేల రూపాయల కౌలు నిర్ణయించారు. అంటే ఎకరాకు 50 వేలు. ఆ ఊరి పంచాయతీకి కూడా ఏటా 5 లక్షల చొప్పున మూడేళ్ళు ఇస్తామన్నారు. భూమి ఉన్నవాడికి మాత్రమే కాక ఊరికి కూడా వాటా ఉండాలని ప్రభుత్వమే ఒప్పుకున్నదన్నమాట. మన చట్టసభల వారు ఈ సంగతి గమనించాలి.

విదేశాల్లోనూ ఈ ఉద్యమం చాలా చోట్ల పెద్ద కంపెనీలతో కాక ఊళ్ళతోనే మొదలైంది. అమెరికాలో సాక్రమెంటో ప్రజలు 1989లో ఓటు వేసి తమ ప్రాంతీయ విద్యుత్ సంస్థ నడిపే అణు కేంద్రాన్ని మూయించారు. ఆ సంస్థే 1993లో ఇళ్ళ కప్పుల మీద తన ఫలకాలు తానే పెట్టి, తానే బాగుచేసే పని మొదలుపెట్టింది. జర్మనీలో ఆహెన్ నగరం 1990 దశకంలో, ఇంటి మీద పుట్టిన కరెంటుకు ఖర్చు గిట్టే ధర చెల్లించే పద్ధతి తెచ్చింది. అటువంటి పద్ధతే 2000లో ఆ దేశమంతటికీ చట్టమయింది. నగరం నడిచిన దారిలో దేశం నడిచింది!

అంత దూరం ఎందుకు? తెలంగాణలో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970 నుంచి ఉంది. లైన్లు సంఘానివి, వినియోగదారులే సభ్యులు, పాలకవర్గానికి ఎన్నికలు. 2022 డిసెంబరులో ఆ ఎన్నికల్లో పార్టీలు అసెంబ్లీ ఎన్నికల మాదిరి తలపడ్డాయి. 'చూశారా, రాజకీయాలు!' అంటారు విమర్శకులు. ఔను, రాజకీయాలే. కరెంటు ఎక్కడున్నా రాజకీయం ఉంటుంది. తేడా ఏమిటంటే, అక్కడ సభ్యుడికి ఓటుంది. కోపం వస్తే పాలకవర్గాన్ని దించెయ్యగలడు. మనకు కరెంటు పోతే ఫోను చెయ్యడానికి ఒక నెంబరు మాత్రం ఉంది.

చట్టం అడ్డమా అంటే, అదీ కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి. అందులో విద్యుత్ పంపిణీతో సహా గ్రామీణ విద్యుదీకరణ ఒకటి, సంప్రదాయేతర ఇంధన వనరులు మరొకటి. 2003 విద్యుత్ చట్టం కూడా పల్లెల్లో పంపిణీని పంచాయతీలు, వినియోగదారుల సంఘాలు, సహకార సంఘాల ద్వారా నడపవచ్చునని చెప్పింది. రాజ్యాంగం ఇచ్చింది, చట్టం ఇచ్చింది, సూర్యుడు ఇస్తూనే ఉన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇందుకే పుట్టిందేమో!

వరమివ్వకపోగా, ఉన్నది లాక్కున్న ముచ్చట కూడా ఉంది. 2021లో మన రాష్ట్రంలో పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ కట్టుకుంటే సర్పంచులు గగ్గోలు పెట్టారు. నీళ్ళ ట్యాంకు మోటరుకూ, వీధి దీపాలకూ అయిన బిల్లు కాలవ పూడిక డబ్బును మింగేసింది. అదే పంచాయతీకి సొంత సౌరవిద్యుత్తు ఉంటే?

చేయవలసిన పనులు

నేను నిపుణుణ్ణి కాదు. డిగ్రీ ఇంకా చేతికి రాలేదు. అయినా పై సంగతులు చదివిన మీదట నాకు తోచినవి మీ ముందుంచుతున్నాను.

ఒకటి: ముందు ఊరుమ్మడి కప్పులు. బడి, సచివాలయం, ఆసుపత్రి, పాల కేంద్రం. రెండు వేల చదరపు అడుగుల బడి మిద్దె మీద 20 కిలోవాట్లు పడతాయి. నెలకు 2,400 యూనిట్లు. నీళ్ళ మోటరు బిల్లులో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది. వేసవి సెలవుల్లో బడి మూతపడ్డా ఫలకాలు పని చేస్తూనే ఉంటాయి.

రెండు: ఫీడరుకొక రైతుల కేంద్రం. ఒక ఫీడరు మీద 300 మోటర్లు, ఒక్కొక్కటి 5 హెచ్.పి. అనుకోండి. మొత్తం సుమారు 1,100 కిలోవాట్లు. రెండు మెగావాట్ల సౌర కేంద్రం రోజుకు ఇచ్చే 8,000 యూనిట్లతో అవన్నీ ఏడు గంటలు ఆడతాయి. దానికి కావలసింది పది పన్నెండెకరాల బీడు. బ్యాటరీ అక్కరలేదు, ఎందుకంటే వాడకం పగలే. బోర్లు ఎండిపోయిన వేసవిలో ఆ కరెంటంతా పట్నం ఎ.సి.లకు అమ్ముడుపోతుంది. 2019లో కేంద్రం తెచ్చిన పి.ఎం. కుసుమ్ పథకంలో ఈ దారి చూపించారు. రైతులూ, సహకార సంఘాలూ, పంచాయతీలూ సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు రెండు మెగావాట్ల దాకా కేంద్రం పెట్టవచ్చునన్నారు. కానీ మెగావాట్‌కు కోట్లలో ఖర్చయ్యే పనికి చిన్నరైతుకు బ్యాంకు అప్పు ఎవరిస్తారు? ప్రభుత్వం హామీ నిలబడాలి. తెలంగాణలో మహిళా సంఘాలకు సౌర కేంద్రాలు అప్పగించాలని తలపెట్టారు. ఆ సంఘాల అప్పు తీర్చే అలవాటు బ్యాంకులకు బాగా తెలుసు. మన డ్వాక్రా అమ్మలు మాత్రం ఎందులో తక్కువ?

మూడు: కప్పు లేనివాడికి కూడా వాటా. ఊరి కేంద్రంలో కూలీకి, కౌలుదారుకు, అద్దె ఇంటివాడికి పేరు రాసి, వాళ్ళ వాటా యూనిట్లను వాళ్ళ బిల్లులోనే తగ్గించాలి. ఫలకం ఎవరి మిద్దె మీద ఉందన్నది కాదు, లెక్క ఎవరి పేర ఉందన్నది ముఖ్యం.

నాలుగు: ధర పాతికేళ్ళకు కాగితం మీద రాయాలి, డబ్బు నెలనెలా పడాలి. ఆలస్యమైతే మన బిల్లుకు జరిమానా వేసినట్టే సంస్థకూ వెయ్యాలి. కరెంటు సంస్థ నష్టపోకూడదు కాబట్టి, తగ్గే ఉచిత విద్యుత్తు సబ్సిడీలో కొంత దానికి మిగలాలి. రైతుకు ఉచిత విద్యుత్తు 2004లో వచ్చింది, ఊరికే రాలేదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు గుర్తున్నవారు ఆ హక్కుతో ఆటలాడరు. ఊరి కేంద్రం ఆ హక్కుకు బదులు కారాదు, దానికి బలం కావాలి.

ఐదు: బాగుచేసే మనిషి ఊళ్ళోనే ఉండాలి. మా పక్క ఊళ్ళో వీధుల్లో సోలార్ దీపాలు పెట్టారు. రెండేళ్ళు వెలిగాయి. ఒక అవ్వనడిగితే, 'పెట్టినోళ్ళు మళ్ళా ఈ దిక్కు చూళ్ళేదు నాయనా, చెడిపోతే ఎవుర్ని అడగల్ల?' అన్నది. ఎంతెంత పెద్ద నివేదికలైనా ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోతే వృథా. మండలానికి పదిమంది ఐ.టి.ఐ. కుర్రవాళ్ళకు శిక్షణ ఇచ్చి జీతం కేంద్రం ఆదాయంలోంచే ఇస్తే, వాళ్ళు బెంగుళూరు బస్సు ఎక్కరు. ఇన్వర్టరు పదేళ్ళకు మార్చాలని తెలుసు కాబట్టి, మొదటి నెల నుంచే దానికో ఖాతా ఉండాలి.

ఆరు: గ్రామసభలో ఏడాదికి రెండుసార్లు లెక్క చదవాలి. ఎన్ని యూనిట్లు పుట్టాయి, ఎన్ని అమ్మాము, ఎంత వచ్చింది, ఎవరికిచ్చాము. చదువు రాని రైతుకూ అర్థమయ్యే తెలుగులో చదవాలి.

విద్యార్థులారా!

ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని, మనమేం చేస్తాం అనుకోవద్దు. మన కాలేజీ మిద్దెలు, హాస్టలు మిద్దెలు ఎన్ని వేల చదరపు అడుగులున్నాయో మనలో ఎవరైనా కొలిచారా? ఫిజిక్సు వాళ్ళు టేపు పట్టుకుని కొలవవచ్చు, నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుందో గుర్తుపెట్టవచ్చు. కామర్సు వాళ్ళు ఏడాది కరెంటు బిల్లులు అడిగి తెచ్చి లెక్క కట్టవచ్చు. ఎకనామిక్సు వాళ్ళు పెట్టుబడి ఎన్నేళ్ళకు తిరిగొస్తుందో తేల్చవచ్చు. తెలుగు వాళ్ళు ఆ నివేదికను ప్రిన్సిపాలు గారూ, వీధిలో పోయేవాడూ ఇద్దరూ చదవగలిగేటట్టు రాయవచ్చు. స్టూడెంట్స్ యూనియన్ ఆ నివేదికను విశ్వవిద్యాలయం ముందు పెట్టాలి. యూనియన్ అంటే వార్షికోత్సవానికి పందిరి వేయించడమే కాదు కదా!

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇంకో పని ఉంది. మీ పంచాయతీ నెలకు ఎంత కరెంటు బిల్లు కడుతున్నదో అడగండి. మీ ఫీడరు మీద ఎన్ని మోటర్లున్నాయో, సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు బీడు ఎవరిదుందో రాసుకు రండి. గ్రామసభ ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి. చదువుకున్న పిల్లలు అడిగితే సర్పంచులు జవాబు చెప్పక తప్పదు. మన లెక్చరర్లలోనూ, ఈ సంచిక చదివే పూర్వవిద్యార్థులలోనూ విద్యుత్ శాఖలో, బ్యాంకుల్లో పెద్ద ఉద్యోగాలు చేసినవారు ఉన్నారు. రైతుల సంఘానికి అప్పు పత్రం ఎలా రాయాలో, ఒప్పందంలో ఏ మాట మీద జాగ్రత్త పడాలో మాకు చెప్పగలవారు మీరే. ఒక్క ఊరికి చెప్పి చూడండి, చాలు.

బొగ్గు భూమిలో ఎక్కడో ఒకచోటే ఉంటుంది. అందుకని దాని చుట్టూ కంపెనీలు పుట్టాయి. నది మీద ఆనకట్ట కట్టాలంటే ప్రభుత్వమే కట్టాలి. ఎండ అలా కాదు. అది జమీందారు మేడ మీదా, హరిజనవాడ మీదా ఒకేలా పడుతుంది. పుట్టుకతోనే అందరిదీ అయిన ఇంధనం మన తరం చేతికి వచ్చింది. దాన్ని కూడా నలుగురి సొత్తు చేసి, తతిమ్మా వాళ్ళను బిల్లు కట్టే క్యూలో నిలబెడితే, ఆ తప్పు సూర్యుడిది కాదు, మనది. ఈ ఏటి గ్రామసభల్లోనే ఆ ప్రశ్న అడుగుదాం.